అరువు నుదురు

తల ఆన్చకూడదు, తల వంచకూడదు, తల గోకకూడదు, తుమ్మొస్తే నోరు బార్లా తెరిచి తుమ్మాలి. ఇన్ని ఆంక్షలున్న తల తనదేనని నమ్మడం అతనికి కష్టంగా ఉంది. పడకగదిలో కిటికీ పక్క కుర్చీలో, మెడచుట్టూ మెత్తటి దిండు తగిలించుకుని, ఎవరో ఫోటో తీస్తామంటే సర్దుకు కూర్చున్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు. మొన్న ఆపరేషన్ గదిలో నెత్తిమీద నాటిన జుట్టు ఇంకా జుట్టులా లేదు, ఎర్రటి చుక్కల మధ్య గీకిన గడ్డంలా ఉంది. వాపు నుదుటి మీంచి జారి కళ్ళమీదికి దిగింది. పొద్దున అద్దంలో చూసుకుంటే తేనెటీగలు కుట్టినవాడెవడో కనిపించాడు. రెప్పలు సన్నగా తప్ప తెరుచుకోవడం లేదు. ఆ సన్నటి సందులోంచి చూస్తే మంచం అంచు, తెరిచిన తలుపు, తలుపవతల హాలు, హాలవతల అమ్మాయి గది, ఆ గదిలో చదువుకునే బల్ల, బల్లపైన గోడ, గోడమీద ఆయన. కుర్చీ ఇటు జరిపినా ఆయనే, అటు జరిపినా ఆయన భుజం. భార్య పనికి వెళ్ళింది, అమ్మాయి బడికి వెళ్ళింది. ఇంట్లో ఇప్పుడు మగవాళ్ళిద్దరే, ఆమె మొదటి మొగుడూ, తనూ. లేచి వెళ్ళి ఆ గది తలుపు దగ్గరగా వేసి రావచ్చు, నడవొద్దని డాక్టరేమీ అనలేదు. కానీ వేస్తే ఓడిపోయినట్టే. పోయినవాడికి జడిసి తలుపేసుకున్నాడని ఎవరికీ తెలియకపోయినా తనకి తెలుస్తుంది. అందుకని చూస్తూ కూర్చున్నాడు.

ఫోటోలో ఆయన ఏదో కొండమీద నిలబడి ఉంటాడు. గాలి ఎదురుకొడుతూ ఉంటుంది. ఆ గాలికి జుట్టంతా లేచి వెనక్కి ఒరిగితే నుదుటి నడిమికి చిన్న మొన ఒకటి దిగి కనిపిస్తుంది, పక్షి ముక్కులాగా. ఎగిరే జుట్టుని చెయ్యెత్తి సర్దుకోవాలన్న ధ్యాసైనా లేదు ఆ మనిషికి. అసలు మంట అక్కడే. ఉన్నవాడికి ధ్యాస ఉండదు. గాలి వీస్తే ఇతను చెయ్యి ఎత్తేది సర్దుకోవడానికి కాదు, మిగిలిన నాలుగు పోగులూ ఉన్నచోటే ఉన్నాయా లేదా అని తడుముకోవడానికి. పైగా ఆయనకి వయసు రాదు. ఇతనికి ఏటేటా పళ్ళసందులు పెరిగి, నడుం లావెక్కి, చెవుల్లో వెంట్రుకలు మొలుస్తుంటే, అవి మాత్రం ఎవరూ అడగకుండానే మొలుస్తాయి, ఆయన ఆ కొండమీదే, ఆ గాలిలోనే, అదే వయసులో నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఆడదానికైతే సవతి అంటారు. మగవాడికి అలాంటివాడు ఉంటే ఏమనాలో మాటైనా లేదు. మాట లేని బాధ ఎవరితో చెప్పుకుంటారు? అందులోనూ అవతలివాడు పోయి ఎంతో కాలమైంది, మంచివాడట, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదట. బతికున్నవాడైతే ఏదో ఒకరోజు వీధిలో ఎదురుపడి పొట్టతోనో దగ్గుతోనో కనిపించి మనశ్శాంతి కలిగించేవాడు.

ఆమె పేరు తెలియక ముందే అతనికి ఆయన కళ్ళు తెలుసు. కళ్ళద్దాల దుకాణం తనది. పొద్దున్నుంచీ రాత్రిదాకా జనం ముక్కులమీదా చెవులమీదా చేతులుంటాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆమె వచ్చి సంచీలోంచి ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టింది. మగవాళ్ళ కళ్ళద్దాలు, నల్ల ఫ్రేము. అలవాటుకొద్దీ అద్దాలు యంత్రం కింద పెట్టి పవరు చూశాడు, ఎడమ కంటికి కాస్త ఎక్కువ. కుడి కాడ ఎడమదానికన్నా కిందికి వంచి ఉంది, అంటే ఆ మనిషి చెవులు సమంగా లేవన్నమాట. ముక్కుమీద ఆనే బిళ్ళలు పచ్చబడ్డాయి. "ఎవరివండీ ఇవి?" అని అడిగాడు. "మావారివి. ఇంక అక్కర్లేదు, ఎవరికన్నా పనికొస్తాయేమోనని" అంది. "ఓహో, ఆపరేషన్ చేయించుకున్నారా, ఈ రోజుల్లో అందరూ అదే చేయించుకుంటున్నారు లెండి, మా పొట్టమీద కొట్టడానికి" అని నవ్వాడు. "లేదండీ, పోయారు" అంది ఆమె. ఆ రోజు భూమి రెండుగా చీలితే బాగుండుననుకుంటూ ఫ్రేము తుడిచిందే తుడిచాడు. మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చింది, ఈసారి తనకోసమే. సూదిలో దారం ఎక్కడం లేదట. ఇళ్ళకీ ఆఫీసులకీ కర్టెన్లు కుట్టే పని ఆమెది. కంటిపాపల మధ్య దూరం కొలవడానికి దగ్గరగా కూర్చుని, "నన్ను చూడండి, నా ముక్కు చూడండి" అంటే ఆమె చూసి, "మీరు కళ్ళు కొలుస్తారు, నేను కిటికీలు కొలుస్తాను, పెద్ద తేడా లేదు" అంది. ఆ మాటకి అతను స్కేలు తిరగేసి పట్టుకుని కొలిచాడు. తప్పు కొలత రావడంతో ఆమె మళ్ళీ రావలసివచ్చింది. ఇంకోసారి కూడా వచ్చింది, ఏ తప్పూ లేకుండానే.

పెళ్ళయ్యాక అతనికి ఈ ఇంట్లో దొరికినవి కొన్ని ఉన్నాయి. అమ్మాయి బాబాయ్ అని పిలుస్తుంది, నోరారా పిలుస్తుంది, కానీ నాన్న అనే మాట గోడమీదికే వెళ్తుంది. పరీక్షకి వెళ్తూ అటు తిరిగి "వెళ్ళొస్తా నాన్నా" అని, ఆ తరవాతే ఇటు తిరిగి "బాబాయ్, స్కూటర్ తియ్యి" అంటుంది. వంటింట్లో ఒక గరిటె ఉంది, దాని పిడి ఆయన బిగించాడట. కిటికీకి ఒక గొళ్ళెం ఉంది, అది ఆయన పెట్టిందట, ఇప్పటికీ బిగుతుగానే ఉంది దిక్కుమాలిన గొళ్ళెం. అతనికంటూ పూర్తిగా దొరికింది ఒకటే. సాయంత్రం ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆమె చెయ్యి వచ్చి అతని నడినెత్తిమీద ఆగుతుంది. నిమరడం కాదు, గోముగా తట్టడం కాదు, ఊరికే ఆన్చి ఉంచడం, ఒంట్లో వేడి చూసేవాళ్ళలాగా. అలా ఉంచి ఆమె టీవీ చూస్తుంది, అతను టీవీ చూస్తున్నట్టు నటిస్తాడు. ఇది గోడమీదివాడికి లేదు, అనుకునేవాడు. ఆ అడవిలాంటి జుట్టుమీద చెయ్యి ఇలా నిలవదు, జారిపోతుంది. ఇది బోడినెత్తికే చెల్లే భాగ్యం.

అలా అనుకుంటూ బతికేవాడే, ఆమె తమ్ముడు రాకపోతే. వచ్చినవాడు తిని కూర్చుని, తలారబెట్టుకుంటున్న మేనకోడల్ని చూసి, "ఏం జుట్టక్కా ఇది! అచ్చం మా బావదే. ఆ మొన చూడు, దించేశాడు" అన్నాడు. అని ఇతనివైపు తిరిగి, "కదండీ బావగారూ?" అన్నాడు. ఆయన మా బావ, తను బావగారు. ఆ గారు ఎంత దూరంగా కూర్చోబెట్టిందో ఆ కుర్రకుంకకి తెలియదు. అదైనా దిగమింగేవాడు. కానీ ఆ మాట విని ఆమె నవ్వింది. అది ఎదుటివాళ్ళకోసం నవ్విన నవ్వు కాదు. ఎవరికీ చెందని నవ్వు, లోపలెక్కడో దీపం పెడితే కిటికీలోంచి బయటికి కనిపించినట్టు. ఇన్నేళ్ళలో తన మాటకి ఆమె పగలబడి నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది, ఇలా మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు. ఆ రాత్రి పళ్ళు తోముకుంటూ అద్దంలో తన నెత్తి చూసుకున్నాడు. దుకాణంలో నాలుగు గోడలకీ అద్దాలే, ఎటు తిరిగినా లైటు తన మాడుమీదే మెరుస్తుంది, జనం ఆ బట్టతలాయన షాపు అనే గుర్తు చెప్పుకుంటారు. ఎప్పుడూ బాధనిపించలేదు. ఆ రాత్రి అనిపించింది. వారం తిరక్కుండా ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మాయి గదిలోకి దొంగలా వెళ్ళి, గోడమీది ఫోటోకి తన ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

డాక్టరు కుర్రవాడు, ఒత్తయిన జుట్టు. దేవుడు కావాలనే ఇలాంటివాళ్ళని ఈ పనిలో పెడతాడు కాబోలు. పెన్ను పట్టుకుని, నుదుటిమీద గీత గీసే ముందు, "ఎలా కావాలండీ, గుండ్రంగానా, కొంచెం పైకి ఉంచమంటారా?" అని అడిగాడు. ఇతను ఫోను తీసి చూపించాడు. "ఇలా." డాక్టరు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి చూసి, "మీరు వయసులో ఉన్నప్పటి ఫోటోనాండీ? భలే ఉండేవారే" అన్నాడు. "అవునండీ" అన్నాడు. అంతే, అంత తేలిగ్గా. ఆ డాక్టరు ఫోటో చూస్తూ గీశాడు, ఎడమవైపు చిన్న వంపు, కుడివైపు ఇంకాస్త లోపలికి, నడిమికి మొన. అద్దం ఇచ్చి చూసుకోమంటే చూసుకున్నాడు, తన మొహంమీద ఇంకొకడి సరిహద్దు. గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. తరవాత బోర్లా పడుకోబెట్టారు, మొహం పట్టడానికి బల్లకి కన్నం ఉంది. మత్తు ఇంజెక్షన్లు తల వెనక గుచ్చుతుంటే కళ్ళలో నీళ్ళు ఉబికి ఆ కన్నంలోంచి సూటిగా నేలమీద పడ్డాయి. ఆపైన నొప్పి లేదు, వెనక తలలోంచి ఒక్కో కుదురూ పీకుతున్న చప్పుడు మాత్రం, మిడతలు గడ్డి కొరికినట్టు. కిందికి చూస్తే పనిచేసే ఆడపిల్లల చెప్పులు కనిపించేవి, ఒకామెవి ఆకుపచ్చవి, ఒకామెవి తెల్లవి. ఆకుపచ్చ చెప్పులామె తన అత్తగారి సంగతి చెబుతోంది, తెల్ల చెప్పులామె ఊకొడుతోంది, మధ్యలో "కదలకండి సార్, నారు పీకుతున్నాం" అని నవ్వుతున్నారు. ఇక్కడ పీకి అక్కడ నాటడం, నిజంగా నారే. అప్పుడక్కడ బోర్లా పడుకుని అతను ఏమనుకున్నాడంటే, ఇది పెరిగాక ఒకరోజు గాలి బాగా వీచే చోటికి ఆమెని తీసుకెళ్తాను, గాలికి ఎదురుగా నిలబడతాను, జుట్టు సర్దుకోను, అప్పుడు చూడాలి ఆ నవ్వు వస్తుందో రాదో.

ఇంటికొచ్చాక తెలిసింది తను చేసిందేమిటో. కట్టు విప్పిన రోజు అమ్మాయి ఎగిరి వచ్చి మొహంలో మొహం పెట్టి చూసి, "బాబాయ్! మొన పెట్టించుకున్నావా? నాకున్నట్టు!" అంది. "డాక్టరు పెట్టాడు, నాకేం తెలుసు" అన్నాడు. అది తన మొన తడుముకుని, ఇతని మొనవైపు వేలు చూపించి, "ఇంక బయటికెళ్తే అందరూ నన్ను నీ పోలికే అంటారు చూడు" అంది. ఎంత సంబరంగా అంది! ఇన్నేళ్ళూ వినాలనుకున్న మాట. విన్న మరుక్షణమే నోరంతా చేదైపోయింది, ఎందుకంటే ఆ పోలిక ఎవరిదో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో మందుల సంచీ. అతని నుదురు చూసింది. చాలాసేపు చూసింది. కిటికీ కొలిచేటప్పుడు ఎలా చూస్తుందో అలా, ఈ చివరినుంచి ఆ చివరికి. గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది, కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

ఆ చూపు దగ్గరే ఆగిపోయింది అతని బుర్ర. ఏం చూసింది? ఎవరిని చూసింది? ఆయన్నే చూసి ఉంటే, ఆయనకోసమే కుళాయి తిప్పుకుని ఏడ్చి ఉంటే, తను ఇన్ని పోట్లు పొడిపించుకుని చేసిందల్లా ఆయన్ని గోడమీంచి దించి తన నెత్తిన పెట్టుకోవడమేగా! రేపు జుట్టు పెరుగుతుంది, ఆమె తనని చూసి ఆ కిటికీ దీపం నవ్వు నవ్వుతుంది, ఆ నవ్వు ఎవరిదని అడగాలి? పోనీ నవ్వలేదు, అప్పుడు మాత్రం ఎవరిదని? ఎటుచూసినా వాడే గెలిచాడు, చెయ్యి కూడా ఎత్తకుండా గెలిచాడు. ఈ రెండు రోజులూ ఆమె మందులిచ్చింది, గంటగంటకీ సెలైను స్ప్రే చేసింది, దిండు సర్దింది. నుదురు సంగతి ఎత్తలేదు. ఇతనూ ఎత్తలేదు. దురద మొదలైంది, నెత్తిమీదో లోపలో తెలియడం లేదు. ఎదురుగా ఆ గదిలో ఎండ జరిగి ఫోటో అద్దంమీద పడింది, ఆయన మొహం పోయి తెల్లటి వెలుగు మాత్రం మిగిలింది. హమ్మయ్య అనుకునేలోపే మబ్బు కమ్మింది, మళ్ళీ నవ్వుతూ ఆయన.

తాళం తిరిగిన చప్పుడైంది. ఆమె వచ్చి చెప్పులు విప్పి, భుజంమీది టేపు తీసి తలుపుకి తగిలించి, చేతులు కడుక్కుని, "పదండి, తల కడిగేద్దాం" అంది. స్నానాలగదిలో స్టూలు వేసి కూర్చోబెట్టింది. ముందు గుండీలున్న చొక్కా విప్పబోతే, "ఉండనీండి, తడిస్తే తడిసింది" అంది. క్లినిక్‌వాళ్ళు ఇచ్చిన కాగితం గోడకి అంటించి ఉంది, ఎలా కడగాలో బొమ్మలతో సహా. ఆమె దానివంక చూడనైనా లేదు. షాంపూ చేతిలోనే నురుగు చేసి, ఆ నురుగుని మాడుమీద దించింది, పసిపిల్లని పక్కమీద దించినట్టు. తరవాత మగ్గు ఎత్తి నీళ్ళు నేరుగా పొయ్యలేదు. ఎడమచెయ్యి దొప్పలా చేసి నెత్తికి అడ్డం పెట్టి, నీళ్ళు ఆ చేతిలో పడేటట్టు పోసి, వేళ్ళ సందుల్లోంచి జారనిచ్చింది. ఎదురుగా అద్దంలో అతను ఉబ్బిన రెప్పల్లోంచి చూస్తున్నాడు. ఆ చేతులు ఎక్కడా తడబడలేదు. మొదటిసారి చేసేవాళ్ళ చేతులు కావవి.

"ఎవరు నేర్పారు నీకిలా?" అన్నాడు.

"ఎవరు నేర్పుతారు? చేసీ చేసీ వచ్చింది." మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయనకి చివర్లో మందులకి జుట్టంతా రాలిపోయింది కదా. మాడు పచ్చిపుండులా ఉండేది, నీటిచుక్క పడితే గిలగిల్లాడేవాడు. ఇలా చేత్తో ఆపి పోసేదాన్ని."

ఆయన జబ్బు చేసి పోయాడని తెలుసు, ఏ జబ్బో కూడా తెలుసు. జుట్టు రాలి ఉంటుందని మాత్రం ఒక్కసారీ తట్టలేదు. ఎలా తడుతుంది, కొండమీద గాలిలో నిలబడ్డవాడికి జబ్బేమిటి? "నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

"మీరెప్పుడడిగారు? ఆయన మాటొస్తే చాలు, మంచినీళ్ళకని లేచి వెళ్తారు. ఎన్ని నీళ్ళు తాగుతారా అని ఆశ్చర్యం నాకు." ఆమె గొంతులో కోపం లేదు. చెవి వెనక నురుగు వేలితో తీసింది. "ఆ ఫోటో అమ్మాయికోసం పెట్టింది, వాళ్ళ నాన్న అలా గుర్తుండాలని. నాకైతే ఆ జుట్టు గుర్తే లేదండీ. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రాదు. గుర్తున్నది ఆ చివరి తలే. రాత్రుళ్ళు మంట పుడితే చెయ్యి ఆన్చి ఉంచమనేవాడు. అలా ఉంచితే నిద్రపోయేవాడు. మొదటిసారి మీ దుకాణానికొచ్చినప్పుడు, మీరు వంగి ఆ కళ్ళద్దాలు తుడుస్తుంటే మీ నెత్తి చూశాను..." అంటూ ఆగిపోయింది.

ఆగినా వినిపించింది. ఏ ఒక్కటి తనదనుకున్నాడో అది కూడా ఆయనదే. అంతేకాదు, ఆ ఒక్కటీ తనే పోగొట్టుకున్నాడు, రెండు పూటలు బల్లమీద బోర్లా పడుకుని మరీ. ఆమె కావాలనుకున్న తలని చెరిపేసి, ఆమెకి గుర్తేలేని తలని నాటించుకొచ్చాడు. కోపం రావాలి, ఎవరిమీద? సగం చచ్చిపోతూ ఒక చల్లటి చెయ్యి కోరుకున్నవాడిమీదా? అలాంటివాడిమీద అసూయ పడడం ఎంత నీచమో తెలుస్తూనే ఉంది, తెలుస్తూనే అసూయ పడుతున్నాడు. ఆ చివరి రాత్రుళ్ళమీద, ఆ మంటమీద కూడా.

"మొన డాక్టరు పెట్టింది కాదు కదూ?" అంది ఆమె వెనకనుంచి.

"కాదు."

"తెలుసు. చూడగానే నవ్వొచ్చింది. మొహంమీదే నవ్వితే మీరు చిన్నబుచ్చుకుంటారని వంటింట్లోకి పారిపోయాను. కుళాయి తిప్పుకుని ఎంత నవ్వానో!"

"నవ్వావా?"

"మరి! ఇంత వయసొచ్చి, ఫోటో చూపించి కటింగు చేయించుకునే కుర్రాళ్ళలాగా..." మళ్ళీ నవ్వబోయి ఆపుకుంది. "తరవాత ఏడుపు కూడా వచ్చిందిలెండి. ఎందుకో అడక్కండి, నాకూ తెలీదు."

అతను అడగలేదు. అద్దంలో ఆమె మొహం తన భుజంపైన కనిపిస్తోంది, మసగ్గా, ఆవిరి పట్టిన అద్దంలో. ఎవరిని చూస్తోందో ఆ మసకలో తెలియడం లేదు. తెలుసుకోవాలని గుండె పీకుతూనే ఉంది. జీవితమంతా పీకుతూనే ఉంటుందేమో. నోరు తెరిచి అతను అడిగింది మాత్రం వేరే.

"ఆయనకి నీళ్ళెలా పోసేదానివి?"

"అంటే?"

"వేడిగానా, చల్లగానా?"

"గోరువెచ్చగా. ఇదిగో, ఇప్పుడు పోస్తున్నట్టే."

"అయితే నాకు చన్నీళ్ళు పొయ్యి."

ఆమె చెయ్యి ఆగింది. అద్దంలోంచి అతన్ని చూసింది, ఈసారి మొనని కాదు, ఉబ్బిపోయిన ఆ రెండు కళ్ళని. "జలుబు చేస్తుందండీ."

"చెయ్యనీ. పొయ్యి."

ఆమె వేడినీళ్ళ కుళాయి కట్టేసి, మగ్గు పారబోసి, మళ్ళీ నింపింది. చెయ్యి దొప్పలా చేసి అడ్డం పెట్టి పోసింది. నెత్తిమీద అతనికేమీ తెలియలేదు. అక్కడ స్పర్శ రావడానికి నెలలు పడుతుందన్నాడు డాక్టరు. ఆమె చెయ్యి అక్కడ ఉందని అద్దంలో చూసి తెలుసుకోవడమే. నీళ్ళు మాడుమీంచి జారి, చెవుల వెనకనుంచి మెడమీదికొచ్చి, చొక్కాలోకి దిగాక అప్పుడు ఝల్లుమంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"చాలా?" అంది ఆమె.

"ఇంకొంచెం" అన్నాడు.